రెండు ఆదివారాల కథల క్లాసు, 1,200 రూపాయలు

విజయవాడ గవర్నర్‌పేటలో రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. నాలాగా మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే ఆలోచించుకోండి. ఆదివారానికి మూడు గంటల చొప్పున రెండు ఆదివారాలు. క్లాసు పేరు రాయట్లేదు, ఎందుకో కింద చెప్తాను.

మొదటి రోజంతా ‘నేను’ చెప్పే కథ గురించే. 2016 కృష్ణా పుష్కరాల్లో పద్మావతి ఘాట్ దగ్గర మా అత్తగారు తప్పిపోయిన సంగతి రాసుకెళ్ళాను. మొదటి పేజీలోనే 14 ‘నేను’లు. మాస్టారు పెన్సిల్‌తో 11 కొట్టేశారు. “‘పరిగెత్తాను’ అంటే చాలు కదమ్మా, ఆ ‘ను’లోనే మీరున్నారు” అన్నారు. మళ్ళీ చదివితే నిజంగానే ఏమీ తగ్గలేదు. ఇంకోచోట “మనం ఘాటంతా వెతికాం” అని రాశాను. “మేమెప్పుడొచ్చామండీ వెతకడానికి?” అనేసరికి క్లాసంతా నవ్వు. వినేవాళ్ళని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. నోటితో ఎప్పుడూ ఈ తప్పు చెయ్యను, కాగితం మీద చేశాను. అత్తగారు ‘లోలోపల వణికిపోయారు’ అన్న వాక్యం దగ్గర మాస్టారు ఆగి, “ఆవిడ అప్పుడు మీ పక్కన లేరు కదా, మీకెవరు చెప్పారు?” అని అడిగారు. ఆ పేరా తీసేశాను.

నాకు బాగా నచ్చింది మాత్రం ఒక ఇంజినీరింగ్ కుర్రాడి కథ. “తలుపు తీశాను. ఎండ మొహాన కొట్టింది.” ఇలా మొదలైంది. చదివేది కుర్రాడు కదా, రెండు పేజీలు మగవాడి కథే అనుకుంటూ విన్నాం. మూడో పేజీలో “ఈ ఇంటి పెద్దకోడల్ని” అంది ఆ చెప్పే మనిషి! తీశాడనో తీసిందనో రాసుంటే మొదటి వాక్యంలోనే బయటపడేది. ‘తీశాను’కి ఆడా మగా లేదు. 52 ఏళ్ళొచ్చాయి, ఈ ముక్క నాకెప్పుడూ తట్టలేదు.

ఇక ఫిర్యాదు. వాళ్ళిచ్చిన జిరాక్స్ నోట్సులో “ఫస్ట్ పర్సన్ అంటే ప్రథమ పురుష” అని ఉంది. ఫస్ట్ అనగానే ప్రథమ అనేశారు. ఇంగ్లీషు ఫస్ట్ పర్సన్, అంటే నేను, మేము, మనం, మన వ్యాకరణంలో ఉత్తమ పురుష. నువ్వు, మీరు మధ్యమ పురుష. వాడు, ఆమె, అవి ప్రథమ పురుష. హైస్కూల్లో బెత్తం దెబ్బలతో నేర్చుకున్న పాఠం, ఎలా మర్చిపోతాను? చెబితే మాస్టారు ఒప్పుకుని నా కాగితం మీద దిద్ది ఇచ్చారు. రెండో ఆదివారం కొత్తగా చేరిన ఇద్దరికి మళ్ళీ అదే జిరాక్స్! వచ్చే బ్యాచ్‌కి మారుస్తామన్నారు కాబట్టే పేరు రాయట్లేదు.

నాలుగు స్టార్లు. టీ మాత్రం కింద బండి దగ్గర తాగి ఎక్కండి, పైకొచ్చేసరికి చల్లారిపోతోంది.