ల్యాబు కంప్యూటర్లకు ప్యాకేజీలు: నేరుగా ఇంటర్నెట్టా, క్యాష్ సర్వరా, పూర్తి మిర్రరా – ఏది మేలు?

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ ప్రాంతాల డిగ్రీ, ఇంజినీరింగ్ కళాశాలల ల్యాబుల్లో ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేసిన కంప్యూటర్లను నడిపేవారికి ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్ మూటలు, తెప్పించుకోవడానికి మూడు దారులున్నాయి. ప్రతి కంప్యూటరూ తన అవసరాన్ని నేరుగా ఇంటర్నెట్‌లోని రిపాజిటరీ (ప్యాకేజీల భాండాగారం) నుంచి తెచ్చుకోవడం మొదటిది. ల్యాబులోనే ఒక క్యాష్ సర్వర్ పెట్టి, ఒకరు తెచ్చిన ఫైలును మిగతావారికి అదే అందించేలా చేయడం రెండోది. రిపాజిటరీ మొత్తాన్ని మన డిస్కులోకి దింపుకొని మిర్రర్‌గా నడపడం మూడోది. ఏది మేలని అడిగితే చాలామంది వేగాన్నీ, డిస్కు ఖర్చునూ లెక్కగడతారు. అవి చూడవలసినవే గాని, నేను అంతకంటే ముందు చూసేది వేరొకటి ఉంది: ప్రాక్టికల్స్ ఉన్న రోజు ఉదయం ఏదైనా తేడా వస్తే, ఆ తేడా ఏ యంత్రంలో పుట్టిందో ఎంత తొందరగా తెలుస్తుంది?

మూడు పద్ధతులకూ పునాది ఒక్కటే కనుక దాన్ని ముందుగా చెప్పుకోవాలి. రిపాజిటరీలో ఇన్‌రిలీజ్ అనే ఫైలు ఉంటుంది; దాని మీద పంపిణీదారు డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ ఫైలులో ప్యాకేజీల జాబితాల హాష్ విలువలు (ఫైలులో ఏ కొంచెం మారినా మారిపోయే వేలిముద్ర వంటి సంఖ్యలు) ఉంటాయి, ఆ జాబితాల్లో ఒక్కొక్క ప్యాకేజీ హాష్ ఉంటుంది. ఈ తనిఖీని చేసేది చివర కూర్చున్న కంప్యూటరే తప్ప మధ్యలోని సర్వర్ కాదు. అందుకే ఫైలు మధ్యలో ఎవరి చేతులు మారి వచ్చినా, అది హెచ్‌టీటీపీ మీద వచ్చినా, సంతకం సరిపోతే దాన్ని నమ్మవచ్చు. సంతకం సరిపోనప్పుడు రిపాజిటరీల చిరునామాలుండే సోర్సెస్ ఫైలులో ‘ట్రస్టెడ్ ఈక్వల్స్ ఎస్’ అని, అంటే తనిఖీ లేకుండానే నమ్మమని రాసి పని కానిచ్చే అలవాటు కొన్ని ల్యాబుల్లో కనిపిస్తుంది. అది జబ్బును వదిలేసి థర్మామీటరును పగలగొట్టడమే.

నేరుగా తెచ్చుకునే పద్ధతిలో ఏర్పాటు చేయవలసింది దాదాపు ఏమీ లేదు. పది లోపు కంప్యూటర్లున్న చోట ఇంతకు మించి ఆలోచించడం అనవసరం. నలభై కంప్యూటర్లున్న చోట మాత్రం లెక్క మారుతుంది. ఒక్కొక్కదానికి 400 ఎంబీ అప్‌డేట్లు ఉన్నాయనుకుంటే మొత్తం 16 జీబీ అవుతుంది. 100 ఎంబీపీఎస్ లైను నూటికి నూరు శాతం ఈ పనికే దొరికినా ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. పైగా ఇదంతా మనం అడిగినప్పుడు జరగదు. ఉబుంటులో ఆటోమేటిక్ అప్‌గ్రేడ్ టైమరు ఉదయం ఆరు గంటలకు పెట్టి ఉంటుంది. ఆ వేళకు ల్యాబు మూసి ఉంటుంది కాబట్టి, తప్పిపోయిన ఆ పనిని కంప్యూటరు ఆన్ కాగానే అందుకొని, గంటలోపు ఏదో ఒక క్షణాన మొదలుపెడుతుంది. అంటే తొమ్మిదిన్నరకు ల్యాబు తెరిస్తే పదిన్నర లోపు నలభై కంప్యూటర్లూ లైను మీద పడతాయి. అదే సమయంలో అధ్యాపకుడు జీసీసీ కంపైలరో, పైథాన్ లైబ్రరీయో ఇన్‌స్టాల్ చేయమంటే ‘కుడ్ నాట్ గెట్ లాక్’ అని వస్తుంది; ఒక ఇన్‌స్టాల్ నడుస్తుండగా మరొకటి మొదలుకాకుండా వేసే తాళం ఇది. ఆ లాక్ ఫైలును చెరిపేయమని సలహా ఇచ్చేవారు ఎందరో ఉన్నారు గాని, అది పట్టుకొని ఉన్న ప్రాసెస్ నంబరు ఆ సందేశంలోనే ఉంటుంది. దాన్ని చూసి, పని ముగిసేదాకా ఆగడమే సరైన మార్గం. పిరియడ్ అయిపోగానే విద్యార్థులు మెయిన్ స్విచ్ కట్టేస్తే అప్‌గ్రేడ్ సగంలో ఆగి, మరుసటి రోజు ప్యాకేజీలను అమర్చే డీపీకేజీని ‘కాన్ఫిగర్ ఆల్’ ఆదేశంతో మళ్లీ నడిపించుకోవలసి వస్తుంది.

ఈ పద్ధతిలో ఇంకొక చిక్కు కళాశాల ఫైర్‌వాల్. లాగిన్ చేయని కంప్యూటరు రిపాజిటరీని అడిగితే, ఫైర్‌వాల్ దాని బదులు తన లాగిన్ పేజీని పంపిస్తుంది. ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఏపీటీ అనే సాధనం దాన్ని ఇన్‌రిలీజ్ అనుకొని తెరిచి, లోపల సంతకం లేదని ‘నోస్‌ప్లిట్’ అనే మాటతో ఫిర్యాదు చేస్తుంది. నెట్‌వర్క్ లాగిన్ అడుగుతోందా అని ఆ వాక్యం చివర తనే ప్రశ్నిస్తుంది కూడా. ‘సార్, నెట్ వస్తలేదు’ అని ల్యాబు అసిస్టెంట్ చెప్పే సందర్భాల్లో చాలా వాటి వెనుక ఉండేది ఇదే. నెట్ వస్తూనే ఉంటుంది, దాని వెంట రావలసిన ఫైలు రాదు.

అన్నింటికంటే ఎక్కువ తికమక పెట్టేది గడియారం. వేసవి సెలవుల తరువాత ల్యాబు తెరిచినప్పుడు పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్ 2032 సెల్లు అయిపోయి ఉంటుంది. అప్పుడు సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవలను నడిపించే భాగం) తాను చివరిసారి భద్రపరిచిన సమయాన్ని తీసుకొని గడియారాన్ని అక్కడి నుంచి నడిపిస్తుంది. కాబట్టి తెర మీద ఏ 2009వ సంవత్సరమో కనిపించదు. ఏప్రిల్ నెలాఖరు తేదీ కనిపిస్తుంది, చూసినవారికి అనుమానం రాదు. అప్‌డేట్ నడిపిస్తే ‘రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదు, మరో ఇన్ని రోజులు చెల్లదు’ అన్న అర్థంలో సందేశం వస్తుంది. చిత్రమేమిటంటే ఆ సందేశం అప్‌డేట్స్, సెక్యూరిటీ విభాగాలకే వస్తుంది, మూల విడుదలకు రాదు; ఎందుకంటే ఉబుంటు 22.04 మూల విభాగపు ఇన్‌రిలీజ్ 2022 ఏప్రిల్ నాటిది, వెనకబడిన గడియారానికి కూడా అది పాతదే. సగం పనిచేసి సగం ఆగిపోవడంతో తప్పు సర్వర్‌లో ఉందనిపిస్తుంది. నిజానికి సమయాన్ని సరిచేసే ఎన్‌టీపీ యూడీపీ 123 పోర్టు మీద నడుస్తుంది, దాన్ని కళాశాల ఫైర్‌వాల్ మూసి ఉంచుతుంది. సెల్లు మార్చాలి, పోర్టు తెరిపించాలి. ఒకటి చేసి ఊరుకుంటే వచ్చే జూన్‌లో మళ్లీ ఇదే కథ.

ఇక క్యాష్ సర్వర్. ఏపీటీ-క్యాచర్-ఎన్‌జీ ఇందుకు ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్. అది 3142 పోర్టు మీద వింటుంది. పాత డెస్క్‌టాప్ ఒకటి, యాభై అరవై జీబీ ఖాళీ ఉన్న డిస్కు ఉంటే చాలు. ప్రతి కంప్యూటరులో ప్రాక్సీ (మధ్యవర్తి, అంటే ఈ క్యాష్ సర్వర్) చిరునామా ఉన్న ఒక్క వాక్యపు ఫైలు పెడితే ఏర్పాటు పూర్తవుతుంది. మొదటి కంప్యూటరు అడిగిన ప్యాకేజీ బయటి నుంచి వస్తుంది, మిగతా ముప్పై తొమ్మిదికి లోపలి నెట్‌వర్క్ మీదనే అందుతుంది. పైన చెప్పిన 16 జీబీ కాస్తా 400 ఎంబీ అవుతుంది. రోడ్డు వెడల్పు పనుల్లో ఫైబర్ కేబుల్ తెగిపోయిన రోజున కూడా, అంతకు ముందు ఎవరో ఒకరు తెప్పించిన ప్యాకేజీలు క్యాష్‌లో దొరుకుతాయి.

తప్పు వెతకడంలో దీని బలం ఒక చిన్న పరీక్షలో ఉంది. ల్యాబు మొత్తానికి ‘హాష్ సమ్ మిస్‌మ్యాచ్’, అంటే వచ్చిన ఫైలు హాష్ జాబితాలోని దానితో సరిపోలేదని, వచ్చిందనుకుందాం. ఒక్క కంప్యూటరులో ప్రాక్సీని పక్కన పెట్టి అప్‌డేట్ నడిపించాలి. అది సాఫీగా సాగితే తప్పు క్యాష్‌లో ఉంది. అక్కడా ఆగితే తప్పు బయటి లైనులోనో, మూల రిపాజిటరీలోనో ఉంది. రెండు నిమిషాల్లో వెతకవలసిన చోటు సగానికి తగ్గిపోతుంది. క్యాష్‌లోనే ఉందని తేలితే సాధారణంగా కారణం కరెంటు పోయినప్పుడు సగం రాసిన ఫైలు, లేదంటే నిండిపోయిన డిస్కు. ఎర్రర్ లాగ్‌లో ఆ ఫైలు పేరు ఉంటుంది, దాన్ని చెరిపేస్తే తరువాతి అభ్యర్థనతో మంచి ప్రతి వస్తుంది. అందుకే క్యాష్ సర్వర్‌కు యూపీఎస్ ఉండాలంటాను. ల్యాబులో మిగతా కంప్యూటర్లకు లేకపోయినా సరే.

దీని లోపాలూ తక్కువేమీ కావు. ఆ ఒక్క పెట్టె పడిపోతే ల్యాబంతా ఆగుతుంది. దాని ఐపీ చిరునామాను రౌటర్ మారిస్తే నలభై కంప్యూటర్లూ పాత చిరునామానే వెతుక్కుంటాయి కనుక, స్థిరమైన ఐపీ ఇవ్వకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. ల్యాబు ల్యాప్‌టాప్‌ను ఇంటికి తీసుకెళ్లిన అధ్యాపకుడికి అక్కడ ప్రాక్సీ దొరకదు. ఆటో-ఏపీటీ-ప్రాక్సీ అనే ప్యాకేజీ ఈ ఇబ్బందిని తీరుస్తుంది. డాకర్, నోడ్‌సోర్స్ వంటి బయటి రిపాజిటరీలు గుప్తీకరించిన హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తాయి. వాటి లోపలికి క్యాష్ సర్వర్ చూడలేదు, మొదటి అమరికలో ఉన్నట్టుగానే వదిలేస్తే 403 సంఖ్యతో ‘కనెక్ట్ డినైడ్’ అని తిప్పి పంపుతుంది. హెచ్‌టీటీపీఎస్ మటుకు నేరుగా వెళ్లాలని ప్రతి కంప్యూటరులో రాయవచ్చు, లేదా సర్వర్‌లోనే వాటిని తెరవకుండా దాటించే పాస్‌త్రూ ప్యాటర్న్ అమర్చవచ్చు. నేను రెండోదాన్నే ఎంచుకుంటాను, మార్పు ఒక్క చోట ఉంటుంది కనుక.

గడియారం చిక్కు మాత్రం క్యాష్ సర్వర్ పెట్టినంత మాత్రాన పోదు. తనిఖీ చేసేది చివరి కంప్యూటరే అని ముందే అనుకున్నాం. అయితే అదే పెట్టెలో సమయాన్ని సరిచేసే క్రోనీ సాఫ్ట్‌వేర్‌ను వేసి ల్యాబుకు ఎన్‌టీపీ సర్వర్‌గా నిలిపితే, ఫైర్‌వాల్‌లో పోర్టు ఆ ఒక్క యంత్రానికి తెరిపిస్తే సరిపోతుంది. నలభై కంప్యూటర్లకు అనుమతి అడిగితే కాదనే నెట్‌వర్క్ విభాగం ఒక్కదానికి అడిగితే సాధారణంగా ఒప్పుకుంటుంది.

మూడోదైన పూర్తి మిర్రర్ వినడానికి ఘనంగా ఉంటుంది. ఒకే విడుదల, ఒకే ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) తీసుకున్నా వందల జీబీలు అవుతుంది. 100 ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో నడిచినా గంటకు 45 జీబీ మించి రాదు. దిగిన దానిలో ల్యాబు ఎన్నడూ ముట్టుకోనిదే ఎక్కువ. దీని అసలు ఇబ్బంది పరిమాణం కాదు, మౌనం. క్యాష్ సర్వర్‌లో తప్పు జరిగితే ఎర్రర్ రూపంలో వెంటనే అరుస్తుంది. మిర్రర్‌లో రాత్రి నడవవలసిన సింక్ (మూల రిపాజిటరీ నుంచి కొత్తవి దింపుకోవడం) ఆగిపోతే, ఉబుంటు వాడే కంప్యూటర్లు నిన్నటి జాబితానే చూసి ‘అంతా తాజాగా ఉంది’ అంటాయి. నెలలపాటు సెక్యూరిటీ అప్‌డేట్లు రాకపోయినా ఎవరికీ తెలియదు. డెబియన్ సెక్యూరిటీ విభాగంలో ఇన్‌రిలీజ్‌కు గడువు తేదీ ఉంటుంది కనుక అక్కడ కనీసం ‘ఎక్స్‌పైర్డ్’ అని బయటపడుతుంది. సింక్ జరుగుతున్న మధ్యలో కంప్యూటర్లు అడిగితే కొత్త జాబితా, పాత ఫైలు కలిసి హాష్ తేడా వస్తుంది. పాత ఏపీటీ-మిర్రర్ స్క్రిప్టు అయితే కమాండ్స్ సూచిక ఫైళ్లను తీసుకురాదు, దాంతో ప్రతి అప్‌డేట్‌లోనూ ఫైలు దొరకలేదని చెప్పే 404 కనిపిస్తుంది.

గడువు తీరిన విడుదలల విషయంలో మాత్రం మిర్రర్ ఒక అడుగు ముందుంటుంది. ఉబుంటులో ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) కాని విడుదలలకు తొమ్మిది నెలలే మద్దతు. ఆ తరువాత అవి ఓల్డ్-రిలీజెస్ సర్వర్‌కు మారిపోయి, పాత చిరునామాలో 404 వస్తుంది. మరో లినక్స్ అయిన సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో గడువు ముగిసి, దాని ప్యాకేజీలు పాతవాటిని ఉంచే వాల్ట్ సర్వర్‌కు చేరాయి. మొదటి రెండు పద్ధతుల్లో చిరునామా మార్చక తప్పదు. సొంత మిర్రర్ అదేమీ పట్టనట్టు పాత ప్యాకేజీలనే ఇస్తూ పోతుంది. అది సౌకర్యమా, ప్రమాదమా అంటే, ఇంటర్నెట్‌తో సంబంధం లేని పరీక్షల ల్యాబుకు సౌకర్యం, మిగతా అన్ని చోట్లా ప్రమాదం.

కాబట్టి పదిహేను నుంచి వంద దాకా కంప్యూటర్లున్న మన జిల్లా కళాశాలకు క్యాష్ సర్వరే మేలని నా నిశ్చితాభిప్రాయం. దాంతోపాటు ఆటోమేటిక్ అప్‌గ్రేడ్ టైమరును ల్యాబు వేళలకు తగ్గట్టు సాయంత్రం చివరి పిరియడ్‌కు మార్చుకోవాలి, సెమిస్టర్ ప్రాక్టికల్స్ నడిచే రోజుల్లో దాన్ని ఆపి ఉంచి, పరీక్షలు ముగిసిన రోజే తిరిగి మొదలుపెట్టాలి. నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం వంటి చోట, ఒకే ప్రాంగణంలో అనేక విభాగాల ల్యాబులకు కలిపి పెట్టేటట్లయితే పూర్తి మిర్రర్‌ను ఆలోచించవచ్చు. కాని సింక్ ఆగిన మరుసటి ఉదయమే ఫలానా ఉద్యోగికి మెయిల్ వెళ్లాలి, ఆ ఉద్యోగి సెలవులో ఉంటే చూసే రెండో మనిషి పేరు ముందే రాసి ఉండాలి. ఈ రెండూ కుదరని ప్రాంగణంలో అక్కడ కూడా క్యాష్ సర్వరే పెట్టమంటాను.