అక్టోబర్‌లో "ఎర్రాకుల ట్రెక్" అని డబ్బులు కట్టేముందు ఒక్క నిమిషం ఆగండి

విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు ఈమధ్య ఫోన్లో ఒక ప్రకటన చూసే ఉంటారు. కొండ నిండా ఎరుపు, నారింజ రంగు చెట్లు, మధ్యలో సన్నటి కాలిబాట, కింద "మన తూర్పు కనుమల్లో ఆటమ్ కలర్స్, ఈజీ ట్రెక్, పిల్లలూ పెద్దలూ అందరూ రావచ్చు" అని. మనిషికి 2,400 రూపాయలు. నేను నలుగురికి 9,600 కట్టాను కాబట్టి రాస్తున్నాను.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగ అయ్యాక వచ్చిన ఆదివారం వెళ్లాం. నేను, మావారు, ఏడో తరగతి చదివే మా పాప, మా అత్తయ్యగారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులున్నాయి, రానుపోను 4 కిలోమీటర్లే, దాదాపు చదును దారి అని ఫోన్లో రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాకే తీసుకెళ్లాను. "సింహాచలం మెట్లు ఎక్కలేదా, ఇదెంత" అని ఆవిడే ముందు తయారయ్యారు. తెల్లవారుజామున నాలుగున్నరకి కోట దగ్గర టెంపో ట్రావెలర్ ఎక్కించుకుని, పలాస దాటించి, మందస వైపు ఒక కొండ కింద దింపారు. అక్కడ్నించి మహేంద్రగిరి కనిపిస్తుందన్నారు. అది మాత్రం నిజమే, మబ్బులో సగం కనిపించింది.

ఇక రంగుల సంగతి. కొండంతా కడిగిన అరటాకులా పచ్చగా ఉంది. ఎర్రాకు కాదు కదా, పండుటాకు కూడా వెతుక్కోవాలి. మాతో వచ్చిన గైడు కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో, "ఇంకా పైకెళ్తే వస్తాయి మేడమ్" అంటూ గంటన్నర ఎక్కించాడు. దారిలో మేకలు కాస్తున్న ఒక పెద్దాయన్ని మావారు అడిగారు, తాతా, ఇక్కడ ఆకులు ఎర్రబడే చెట్లు ఎక్కడున్నాయి అని. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి "ఇప్పుడేటి ఎర్రబడతాయి బాబూ, ఇంకా వానలే ఎల్లలేదు. మాగమాసం ఎల్లాక రండి, రాల్తాయి" అన్నాడు. గైడు చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఆటమ్ అంటే శరదృతువు అని స్కూల్లో చదువుకున్నాం, ఆ ఆటమ్‌నే ఆకురాలే కాలం అని కూడా రాసేసుకున్నాం, రెండూ ఒకటే అనుకున్నాం. మన శరత్తు ఆశ్వయుజ కార్తీకాలు, వెన్నెల, తెల్లమబ్బులు, నాగావళి ఒడ్డున రెల్లు పూలు. ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. చలిదేశాల్లో పగళ్లు తగ్గి రాత్రుళ్లు చల్లబడేసరికి ఆకులో పత్రహరితం విరిగిపోయి, దాని కింద దాగిన పసుపు బయటపడుతుంది, కొన్ని చెట్లు కొత్తగా ఎరుపు కూడా తయారుచేసుకుంటాయి. మన కొండల్లో టేకు అయినా మోదుగ అయినా ఆకు దులిపేది ఎక్కువగా నీళ్లు చాలక, ఎండాకాలం దగ్గరపడ్డాక. అక్టోబర్‌లో మన అడవికి నీళ్లకేం లోటు? కాశ్మీర్ చినార్ చెట్లయితే వేరు సంగతి, అవి అక్టోబర్ చివర్నించి నవంబర్ సగం దాకా నిజంగానే ఎర్రబడతాయి, అయితే 2,400కి అక్కడికెవరూ తీసుకెళ్లరు. మన దగ్గర ఎరుపు కావాలంటే ఫిబ్రవరి, మార్చిలో మోదుగ పూస్తుంది, ఆ వెనకే ఇప్పచెట్టు రాగిరంగు చిగుళ్లు వేస్తుంది. అంత దూరం ఎందుకంటే మా వీధి చివర బాదం చెట్టుంది, రాలేముందు దాని ఆకులు ఎర్రగా పండుతాయి, పైసా ఖర్చు లేదు.

ప్రకటనలో ఫోటోని మా పాప దిగేటప్పుడు మళ్లీ తీసి చూసింది. "అమ్మా, ఇది కెనడా జెండా మీద ఆకు కదే." అంతే, తొమ్మిదివేల ఆరొందల ప్రశ్న అది, నేను కట్టకముందు ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చాక గూగుల్ లెన్స్‌లో పెడితే అదే ఫోటో విదేశీ సైట్లలో బోలెడు చోట్ల కనిపించింది.

రంగులు లేకపోతే పోనీ, కొండ గాలి పీల్చుకుని వచ్చాం అనుకునేదాన్ని. నాకు కోపం వచ్చింది "ఈజీ" అన్న మాటకి. నా ఫోన్లో చివరికి 11 కిలోమీటర్లు, 430 మీటర్ల ఎక్కుడు చూపించింది. దూరం కాదు, ఎంత ఎత్తు ఎక్కాలి అని అడగాలి, నాకా తెలివి లేకపోయింది. తడిసిన రాళ్ల మీద దిగుతుంటే అత్తయ్యగారి మోకాలు పట్టేసింది. మనిషికి అర లీటరు నీళ్ల బాటిల్ ఒక్కటే ఇచ్చారు, అది పైకెళ్లేసరికే అయిపోయింది. మొదట్లో బొంగు చికెన్ పెడతామన్నారు, చేతికొచ్చింది పులిహోర పొట్లం (పులిహోర బాగానే ఉంది, అబద్ధం చెప్పకూడదు). నలుగురు కలిసి ఆవిడని పట్టుకుని దింపుతుంటే ఐదు దాటింది. కింద ఊరివాళ్లు జీడితోటల దగ్గర మమ్మల్ని చూసి కేకలేశారు, చీకటి పడితే ఎలుగులు తిరుగుతాయి, బేగి రండి అని. ఉద్దానం వైపు ఎలుగుబంట్ల గొడవ తెలియనిదెవరికి? ఆ ఊరి కుర్రాళ్లే బైకు తెచ్చి అత్తయ్యగారిని బండి దాకా దించారు, డబ్బులిస్తే తీసుకోలేదు. ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ ఉందా అని గైడుని అడిగితే "అన్నీ చూసుకున్నాం మేడమ్" అన్నాడు, కాగితం చూపించమంటే నవ్వాడు. ఈ ట్రిప్ నడిపేవాళ్ల దగ్గరే సీతంపేట, కురుపాం వైపు కూడా ప్యాకేజీలున్నాయి, అక్కడ ఏనుగుల గుంపు తిరుగుతోందని పేపర్లో ఎన్నిసార్లు చదివామో.

డబ్బు వెనక్కి అడిగితే మొదట "ప్రకృతి మా చేతుల్లో ఉంటుందా మేడమ్" అన్నారు. తర్వాత ఒక నిబంధన పంపారు, వాతావరణం వల్ల ట్రిప్ రద్దయినా, అనుకున్నట్టు లేకపోయినా డబ్బు తిరిగి రాదట. ఈ తీరంలో, అక్టోబర్‌లో, ఈ నిబంధన! హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబర్ 11న, అదీ పలాస దగ్గరే తీరం దాటింది. తుఫాను వస్తే నష్టం మనది, రాకపోతే లాభం వాళ్లది.

నేను చేసిన తప్పు ఇంకోటుంది. డబ్బు ఎవరిదో సొంత నంబరుకి ఫోన్‌పే చేశాను, బిల్లు అడగలేదు. అయినా ప్రకటన స్క్రీన్‌షాట్, చదును దారి అని వాళ్లు పెట్టిన మెసేజ్, ఫోన్‌పే రసీదు, నా ఫోన్లో దూరం లెక్క ఉన్నాయి కాబట్టి 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. మీలో ఎవరైనా ఇదే ట్రిప్‌కి వెళ్లుంటే మీ రసీదులు, మెసేజ్‌లు చెరపకండి, నాకు చెప్పండి, కలిసి వేద్దాం. ఇంకా వెళ్లనివాళ్లు, పోయినేడాది ఇదే నెలలో ఇదే కొండ మీద తీసిన వీడియో ఒక్కటి పంపమని అడగండి చాలు.

నిన్న మళ్లీ ఆ ప్రకటన వచ్చింది. అదే ఫోటో, అదే కెనడా ఆకు. ఈసారి కింద "కార్తీకమాసం స్పెషల్, వనభోజనాలతో" అని రాశారు, మనిషికి 2,600.