గొట్టాలకు లవణాలు, కుండీలకు మీనామృతం: డాబా సాగులో రెండూ వాడి చూశాక

అమలాపురం దగ్గర మా డాబా మీద కొన్నేళ్ళుగా మట్టి లేకుండా కూరలు పండిస్తున్నాను. ఒక పక్క పీవీసీ గొట్టాల్లో పాలకూర, లెట్యూస్, పుదీనా. ఇంకో పక్క కొబ్బరి పొట్టు నింపిన కుండీల్లో గోంగూర, వంగ, టమాటా. రెండు పక్కలా రెండు రకాల పోషణా ఇచ్చి చూశాను: ఒకటి నీటిలో కరిగే ఖనిజ లవణాలు, రెండోది పులియబెట్టిన చేప ద్రావణం (మీనామృతం) లాంటి సేంద్రియ పోషకాలు. ఇప్పుడు సేంద్రియ ద్రావణాన్ని గొట్టాల్లోకి రానివ్వను; కుండీలకు మాత్రం మానను.

ముందు లవణాల సంగతి. కాల్షియం నైట్రేట్, 13-0-45 (పొటాషియం నైట్రేట్), 0-52-34 (మోనో పొటాషియం ఫాస్ఫేట్), మెగ్నీషియం సల్ఫేట్ డ్రిప్ రైతుల పుణ్యమా అని ఎరువుల కొట్లలో దొరుకుతున్నాయి. కాల్షియం నైట్రేట్‌ను ఒక డబ్బాలో, సల్ఫేట్లూ ఫాస్ఫేట్లూ ఇంకో డబ్బాలో కలిపి ఉంచుకోవాలి. చిక్కగా ఉండగా రెండింటినీ కలిపితే తెల్లటి మడ్డి దిగుతుంది; జిప్సం, కాల్షియం ఫాస్ఫేట్ అన్నమాట. అడుగున చేరిన ఆ పోషకం మొక్కకు దక్కదు. ఆకుకూరలకు ఈసీ (నీటిలో ఎంత లవణం కరిగిందో విద్యుత్ వాహకతతో చెప్పే కొలత) 1.2 నుంచి 1.8, పీహెచ్ (నీటి ఆమ్ల-క్షార స్థాయి) 5.5 నుంచి 6.5 మధ్య ఉంచితే చాలు. ఇక్కడ అసలు తలనొప్పి బోరు నీరు. అందులోని బైకార్బొనేట్ల వల్ల పీహెచ్ పైకి పాకుతూనే ఉంటుంది. 6.5 దాటాక ఈడీటీఏ ఇనుము (నీటిలో కరిగి ఉండేలా ఈడీటీఏ అనే రసాయనంతో కట్టిన ఇనుము) సరిగా అందదు. లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఫాస్ఫారిక్ ఆమ్లం చుక్కలతో నెట్టుకొస్తున్నాను. వానాకాలంలో డాబా నీళ్ళు పట్టుకుంటే ఆ బాధ కూడా ఉండదు.

ఇక సేంద్రియం. చేపల వ్యర్థాలు, బెల్లం పులియబెట్టిన మీనామృతం, వర్మీవాష్ (వానపాముల ఎరువులోంచి కారిన నీరు), వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు, అన్నీ గుడ్డలో వడగట్టే పోశాను. అయినా వేలు పెట్టి తడిమితే గొట్టం లోపల గంజిలాంటి జిగురు. నీరు పోసే సన్నటి గొట్టాల మూతులు పూడుకుపోయేవి. వాసన గురించి పక్కింటివారిని అడగండి! ఎండాకాలంలో తెల్లగా ఉండాల్సిన వేళ్ళు గోధుమ రంగుకు తిరిగాయి. పట్టుకుని లాగితే పైతొక్క ఊడి, లోపలి దారం మాత్రం మిగిలింది. వేరుకుళ్ళుకు అంతకంటే గుర్తు అక్కర్లేదు.

రొయ్యల చెరువులు చేసేవారికి ఇందులో వింతేమీ కనిపించదు. నీటిలో కుళ్ళే పదార్థం పెరిగితే ఆక్సిజన్‌ను బాక్టీరియా తినేస్తుంది, వేళ్ళకు మిగలదు. పైగా నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజనే తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 దగ్గర ఏడున్నర. మే నెలలో మా తొట్టి నీరు 30 దాటుతుంది. ఈసీ మీటరు కూడా ఇక్కడ అక్కరకు రాదు. చేపలోని నత్రజని మాంసకృత్తుల రూపంలో ఉంటుంది. అది అమ్మోనియాగా, నైట్రైటుగా, చివరికి నైట్రేటుగా మారేదాకా మీటరు దాన్ని సరిగా పట్టదు. చెరువుల వారు వాడే అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష కిట్లే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

ఆ మార్పంతా చేసేది బాక్టీరియానే. నున్నటి గొట్టంలో దానికి నిలకడైన చోటు తక్కువ. కొబ్బరి పొట్టులో కావలసినంత. అందుకే అదే మీనామృతాన్ని పలచగా చేసి కుండీలకు పోస్తే గోంగూర ఏపుగా వచ్చింది, వాసనా నిలవలేదు. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేదాకా రాత్రంతా మూత తీసి ఉంచుతాను. పీచు మిల్లుల నుంచి వచ్చే పొట్టులో ఉప్పు ఉంటుంది, పదేపదే కడగాలి. కడిగాక కూడా దాన్ని పట్టుకుని ఉన్న సోడియం వదలాలంటే కాల్షియం నైట్రేట్ నీటిలో నానబెట్టాలి. అంటే నా సేంద్రియ కుండీలకూ పునాది ఖనిజ లవణమే! శుద్ధ సేంద్రియవాదులు నన్ను కొట్టడానికి రావచ్చు. అసలు మట్టి లేని పంటను సేంద్రియం అనవచ్చా అన్నదానిపైనే దేశాలకు ఏకాభిప్రాయం లేదు: అమెరికాలో ఇలాంటి పంటకు సేంద్రియ ముద్ర దొరుకుతుంది, ఐరోపా సమాఖ్య నిబంధనలు మట్టి ఉండాల్సిందే అంటాయి.

రుచి సంగతి: రెండు రకాల పాలకూరా చెప్పకుండా వండి పెడితే మా ఇంట్లో ఎవరూ తేడా పట్టలేకపోయారు. వేరు ముఖ్యంగా పీల్చుకునేది నైట్రేటునే, అది ఏ సంచిలోంచి వచ్చిందో దానికి అనవసరం.

టమాటా ఒక్కటి మినహాయింపు. కాయ దిగాక మీనామృతం ఒక్కదానితో కాల్షియం చాలక కాయల అడుగు నల్లబడింది. ఇప్పుడు పిందె పడినప్పటి నుంచి వారానికోసారి కాల్షియం నైట్రేట్ నీళ్ళు విడిగా పోస్తున్నాను, మీనామృతం పోసిన రోజున మాత్రం కాదు.