ఆరోగ్య రికార్డుల ప్యాకేజీ కొంటున్నారా? ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో ముందు చూసుకోండి

అపార్టుమెంటు కింద ఉచిత వైద్య శిబిరం పెడతారు. బీపీ చూస్తారు, వేలికి సూది గుచ్చి షుగరు చూస్తారు. మధ్యాహ్నానికి ఒక కుర్రవాడు ట్యాబ్ పట్టుకుని పై అంతస్తులకు వస్తాడు. "ఇంట్లో పెద్దవాళ్ల పాత రిపోర్టులన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో భద్రంగా పెడతాం. ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు. మీరు తప్ప ఇంకెవరూ చూడలేరు" అంటాడు. మీ గుమ్మంలోనూ ఎవరైనా ఈ మాట అంటే, డబ్బు కట్టేముందు ఇది చదవండి. మేము గుంటూరులో 2024 అక్టోబరులో ఏడాదికి 4,999 రూపాయలు కట్టాం. డబ్బు సంగతి పక్కన పెట్టండి. అర్ధరాత్రి డాక్టరు అడిగిన ఒక్క అంకె చెప్పలేక ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నాం, అదీ నా బాధ.

సంస్థ పేరు రాయడం లేదు. ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉంది, అక్కడ తేలనివ్వండి. పేరు కన్నా పద్ధతి తెలుసుకోవడమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

అమ్మకు 67 ఏళ్లు. షుగరు వచ్చి పద్దెనిమిదేళ్లయింది, కిడ్నీల మీద నాలుగేళ్లుగా ఒక కన్ను వేసి ఉంచాం. ఆమె రిపోర్టులన్నీ బట్టల దుకాణం వాళ్లిచ్చిన ఒక గుడ్డ సంచిలో ఉండేవి. ప్రతి కవరు వెనకా అమ్మ తన చేతిరాతతో తేదీ, ఆ రోజు డాక్టరు మార్చిన మందు రాసుకునేది. "ఈ రోజు నుంచి బీపీ మాత్ర సగం." "ఈ మందుకు ఒళ్లంతా దద్దుర్లు, ఆపేశారు." మాకు అది సంచి. అమ్మకు అది పుస్తకం.

కుర్రవాడు మా భోజనాల బల్ల మీద ఆ కవర్లు పరిచి ఫోనుతో ఫొటోలు తీశాడు. స్కానర్ అని చెప్పినది ఆ ఫోనే. ఖాతా తెరిచేటప్పుడు అమ్మ నంబరు పెడితే ఓటీపీ రాలేదు. ఆమెది బటన్ల ఫోను, మెసేజీల పెట్టె ఎప్పుడో నిండిపోయింది. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. "పర్వాలేదు మేడమ్, ఇప్పటికి నా నంబరు పెడతాను, తర్వాత మార్చుకోవచ్చు" అన్నాడు. సరేనన్నట్టు తల ఊపాను. ఈ మొత్తం కథలో నా వంతు తప్పు ఆ తల ఊపడమే. ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "ఇక ఈ కాగితాలతో మీకు పని లేదు" అని అతను అన్న మాట నమ్మి, సంక్రాంతికి ఇల్లు సర్దుతూ ఆ సంచిని భోగి మంటలో వేశాను. అమ్మ వద్దంది. "అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయమ్మా" అన్నాను.

జూన్‌లో ఒక రాత్రి అమ్మకు జ్వరం, ఆగని వాంతులు. అత్యవసర విభాగంలో రక్తం తీసి చూస్తే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.3. డ్యూటీ డాక్టరు అడిగినది ఒకటే: "ఇంతకుముందు ఎంత ఉండేది?" ఎందుకో కూడా ఓపికగా చెప్పారు. పోయిన నెల దాకా 1 ఉండి ఇప్పుడు 2.3 అయితే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతిన్నదని అర్థం, కారణం వెంటనే వెతకాలి. చాలాకాలంగా 2 దగ్గర ఉంటే అది పాత జబ్బు, వాంతుల వల్ల ఒంట్లో నీరు తగ్గి కాస్త పెరిగి ఉండవచ్చు. కడుపుకు రంగు మందు ఎక్కించి సీటీ తీయాలా వద్దా, ఏ యాంటీబయాటిక్ ఎంత మోతాదులో ఇవ్వాలి, ఇవన్నీ ఆ పాత అంకెతో ముడిపడి ఉంటాయి.

"ఒక్క నిమిషం డాక్టర్‌గారూ, ఆన్‌లైన్‌లో ఉంది" అని ధీమాగా ఫోను తీశాను. లాగిన్ నొక్కితే "41తో ముగిసే నంబరుకు ఓటీపీ పంపాం" అని వచ్చింది. మా ఇంట్లో 41తో ముగిసే నంబరు లేదు. సంస్థకు ఫోను చేస్తే, తమ పని వేళలు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకని యంత్రం తియ్యగా చెప్పింది.

అదృష్టం కొద్దీ కుర్రవాడి నంబరు నా దగ్గర ఉంది. రాత్రి ఒంటిగంటకు నిద్రలేచి, విసుక్కోకుండా ఓటీపీ చదివి చెప్పాడు. పాపం, మంచివాడు. "మేడమ్, నేను ఆ ఉద్యోగం మానేసి మూడు నెలలైంది. ఇలా ఫోను చేసినవాళ్లలో మీరు నాలుగోవారు" అన్నాడు. అప్పటికి ఆ మాట చెవిన పడిందే గాని బుర్రకెక్కలేదు. మర్నాడు గాని తెలియలేదు, దాని అర్థం ఏమిటో. సంస్థతో సంబంధం లేని ఒక మనిషి జేబులో ఎన్ని ఇళ్ల జబ్బుల చరిత్రకు తాళంచెవులు ఉన్నాయో అతనికే లెక్క తెలియదు. అతను మంచివాడు కాబట్టి సరిపోయింది.

సరే, తలుపు తెరుచుకుంది. లోపల ఏమున్నాయి? నలభైకి పైగా ఫొటోలు, ఒక్కదానికీ తేదీ లేదు, ఎక్కించిన వరుసలో పడి ఉన్నాయి. కిడ్నీ పరీక్షల కాగితం దొరికింది. దాని మీద కుర్రవాడి బొటనవేలు. యూరియా కనిపిస్తోంది, సోడియం కనిపిస్తోంది, క్రియాటినిన్ ఉండాల్సిన చోట గోరు. ఇంకో కాగితంలో ఆ వరుస సరిగ్గా మడత మీద పడి నల్లటి గీతగా మారింది. ఛాతీ ఎక్స్‌రే అయితే ఆసాంతం నల్లటి పలక, మధ్యలో మా హాలులోని ట్యూబులైటు ప్రతిబింబం. కవర్ల వెనక అమ్మ రాసుకున్నవి ఒక్కటీ లేవు. కవర్లను ఎవరు ఫొటో తీస్తారు?

వాటన్నిటికీ పైన, 'తాజా రిపోర్టులు' అన్నచోట, అమ్మ పేరే ఉన్న ఒక ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి రిపోర్టు ఉంది. ఆమె గర్భవతి. రక్తం గ్రూపుతో సహా అన్నీ ఉన్నాయి. పేరు కలిసింది కదా అని ఎవరో అమ్మ ఖాతాలో పడేశారు. ఆ హడావుడిలోనూ నర్సు చూసి "అమ్మగారిది బి పాజిటివా?" అని అడిగింది. అమ్మది ఓ పాజిటివ్. రక్తం ఎక్కించే ముందు ఆసుపత్రిలో గ్రూపు మళ్లీ పరీక్షిస్తారు కాబట్టి దానివల్ల ప్రమాదం జరిగేది కాదేమో గాని, నా ఒళ్లు మాత్రం జలదరించింది. ఆమెది మా దగ్గర ఉందంటే మాది ఎవరి దగ్గర ఉన్నట్టు?

డాక్టరు ఆ రాత్రికి సీటీ ఆపి, సెలైన్ పెట్టి, మందులు ఆచితూచి ఇచ్చారు. తెల్లవారాక మా వీధి చివర ల్యాబ్‌కు పరుగెత్తాను. చిన్న గది, ఒక పాత కంప్యూటర్. పేరు, ఫోను నంబరు చెప్పగానే ఆయన రెండు నిమిషాల్లో మూడేళ్ల ఫలితాలు అచ్చు తీసి చేతిలో పెట్టాడు. ఎనిమిది నెలల కిందట 1.9. డాక్టరు ముఖంలో బిగువు సడలింది. ల్యాబాయన పది రూపాయలు కూడా తీసుకోలేదు.

తర్వాత సంస్థతో మా గొడవ నాలుగు నెలలు నడిచింది. అంతా రాస్తే మీకు నీరసం వస్తుంది. నంబరు మార్చమంటే పాత నంబరుకు వచ్చే ఓటీపీ చెప్పమన్నారు. ఒకసారి మాత్రం "ఇదిగో మీ రికార్డులు" అని వాట్సాప్‌లో ఒక లింకు పంపారు. నేను దాన్ని బెంగళూరులో ఉన్న తమ్ముడికి పంపితే అతని ఫోనులో నేరుగా తెరుచుకుంది, పాస్‌వర్డు లేదు, ఓటీపీ లేదు. వాడు సాఫ్ట్‌వేర్ వాడు కదా, చిరునామా చూసి "అక్కా, చివర ఉన్నది వరుస నంబరులా ఉంది. మన తర్వాతి నంబరు ఎవరిదో కొట్టి చూడాలనిపిస్తుంది, కానీ చూడకూడదు" అన్నాడు. చూడలేదు. మీరూ అలాంటి ప్రయోగం చేయకండి. పరాయివాళ్ల రికార్డు తెరవడం తప్పు, పైగా రేపు ఫిర్యాదులో అదే మీ మెడకు చుట్టుకుంటుంది. లింకు తెరుచుకున్న తీరును స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటే చాలు.

అక్టోబరు రాగానే ఖాతాకు తాళం పడింది. 3,499 కట్టి పునరుద్ధరించుకోమన్నారు. మా అమ్మ రక్తం, మా అమ్మ ఫలితాలు, చూడటానికి ఏటా అద్దె!

వాళ్లు చేసిన ఇంకో మాయ గురించి చెప్పాలి. ప్యాకేజీతోపాటు ఒక ప్లాస్టిక్ కార్డు ఇచ్చి "ప్రభుత్వ ఆరోగ్య ఖాతా లాంటిదే" అన్నారు. 'లాంటిదే' అన్న మాటను నేను వినలేదు. ప్రభుత్వం ఇచ్చేది ఆభా, అంటే ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన డిజిటల్ మిషన్‌లో భాగం. దాని నంబరులో 14 అంకెలు ఉంటాయి. మా కార్డు మీద లెక్కపెడితే పన్నెండే. ఆభాకు రూపాయి కూడా కట్టక్కర్లేదు, ఆధార్‌తో ఇంట్లో కూర్చుని తెరుచుకోవచ్చు. ఇది బీమా కార్డు కూడా కాదు. ఏడాదికి 5 లక్షల వైద్యానికి పనికొచ్చే ఆయుష్మాన్ కార్డు వేరు, ఇది వేరు. మా పక్కింటివాళ్లు రెండూ ఒకటే అనుకుని ఎవరికో డబ్బిచ్చి అచ్చు వేయించుకున్నారు.

ఆభాను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. దానితో అనుసంధానమైన ఆసుపత్రులు, ల్యాబుల రికార్డులే అందులో కలుస్తాయి. మా వీధి ల్యాబ్ ఇంకా అందులో లేదు. పాత కాగితాలు వాటంతట అవి రావు, మనమే ఎక్కించుకోవాలి. కాని దాని కట్టుబాటు నాకు నచ్చింది. రికార్డు తయారుచేసిన ఆసుపత్రి దగ్గరే ఉంటుంది, ఇంకొకరు చూడాలంటే మన అనుమతి అడగాలి, ఎన్నాళ్లు చూడవచ్చో మనం గడువు పెట్టవచ్చు, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. ఈసారి అమ్మ ఫోనులో మెసేజీలన్నీ తుడిచి, ఓటీపీ ఆమె ఫోనుకే వచ్చేలా నేనే పక్కన కూర్చుని తెరిచాను.

ఎవరి ప్యాకేజీ అయినా కొనేముందు అమ్మేవాడి ఎదుటే మీ ఫోనుతో ఒకసారి లాగిన్ అయి చూడండి. ఓటీపీ మోగాల్సింది మీ చేతిలో. మోగకపోతే అతన్ని కాఫీ ఇచ్చి పంపించేయండి. గడువు ముగిశాక మొత్తం రికార్డులను ఒకేసారి దింపుకోవచ్చా, ఖాతా రద్దు చేస్తే వాళ్ల దగ్గర ఉన్నవి తుడిచేస్తారా అని అడిగి, జవాబును రాతలో తీసుకోండి. నోటిమాట నాకు చాలా దొరికింది, కమిషన్‌లో దాన్ని నిరూపించడం కష్టం. కాగితాలు మాత్రం ఎవరు ఏమి చెప్పినా పారేయకండి.

నాలా పారేసుకున్నవాళ్లకు ఒక దారి ఉంది. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నవారి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నాటి నియమావళిలో ఉంది. అమ్మ 2023లో చేరిన ఆసుపత్రికి ఆ సంగతి రాసి అర్జీ పెడితే, నకలు ఖర్చు తీసుకుని రెండో రోజుకే ఇచ్చారు. దద్దుర్లు తెప్పించిన మందు పేరు అందులోనే దొరికింది. ఆ నియమం మా సంస్థకు గుర్తుచేస్తే "మాది ఆసుపత్రి కాదు మేడమ్, సర్వర్" అన్నారు. నిజమే. కాని వైద్య రికార్డులు సున్నితమైన వ్యక్తిగత సమాచారమని ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలే చెబుతున్నాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం భద్రతలో లోపానికి జరిమానా 250 కోట్ల వరకు ఉండవచ్చు. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు గాని, ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల వెసులుబాటు ఇచ్చారు. అప్పటిదాకా మా సర్వర్ మహాశయులు నిశ్చింతగా నిద్రపోవచ్చు.

మేము ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. సంస్థ స్పందించకపోవడంతో, వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో కమిషన్‌కు ఫిర్యాదు పెట్టాం. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు, మనం ఉండే జిల్లాలోనే పెట్టుకోవచ్చు, గడువు రెండేళ్లు. రశీదు, శిబిరం కరపత్రం, ఓటీపీ తెర ఫొటో, ఆ రాత్రి ఒంటిగంట కాల్ నమోదు జతచేశాం. అందులో ఒక కోరికగా, ఆ అమ్మాయి రిపోర్టును అమ్మ ఖాతాలోంచి తీసేసి ఆమెకు తెలియజేయాలని కూడా రాశాం. ఖాతాకు తాళం పడింది కాబట్టి తీశారో లేదో మాకు కనబడదు.

అమ్మ కొత్త సంచి కుట్టించుకుంది. కవర్ల వెనక మళ్లీ రాస్తోంది. మొన్న ఏదో వెతుకుతూ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి, "ఆ పిల్లకు ఈపాటికి ప్రసవమై ఉంటుంది కదూ, ఇద్దరూ క్షేమమేనంటావా?" అని అడిగింది.