లాంకాస్టర్ అమిష్ టూర్ ఆదివారానికి బుక్ చేస్తున్నారా? ఆగండి!

న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా వైపు ఉన్నవాళ్ళందరికీ ఈ పోస్టు. ఎండాకాలం అమ్మానాన్నలు రాగానే మనం తిప్పే లిస్టు తెలిసిందే కదా: నయాగరా, హెర్షీ, పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ అమిష్ పల్లెలు (కార్లు కొనకుండా గుర్రబ్బళ్ళ మీద తిరుగుతూ పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవుల ఊళ్ళు). ఆ మూడోదానికి వ్యాన్లు నడిపే కంపెనీ లింకు మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. పేరు రాయను, లింకు చూసినవాళ్ళకి అర్థమైపోతుంది.

మనిషికి 95 డాలర్లు, నలుగురికి 380. అమిష్ రైతు ఇంట్లో భోజనం, పాడి పశువులు, షూఫ్లై పై (బెల్లప్పాకం లాంటి మొలాసిస్‌తో చేసే తీపి వంటకం) దగ్గరుండి చేసి చూపిస్తారు, ఇవన్నీ పెద్దక్షరాల్లో రాసుకున్నారు. అమ్మ శాకాహారి అని ముందే రాస్తే "నో ప్రాబ్లమ్" అని మెయిల్ కూడా పెట్టారు. క్యాలెండర్‌లో ఆదివారం ఖాళీ ఉంది, తీసుకున్నాం.

రూట్ 340 ఎక్కాక అంతా కిటికీ దర్శనమే. మొక్కజొన్న చేలు, సైలోలు, బూడిదరంగు గుర్రబ్బళ్ళు, బాగానే ఉంది, కాదనను. కానీ పొలంలో ఒక్క మనిషి లేడు, కంచరగాడిదలు దున్నడం లేదు, దండేల మీద ఒక్క బట్ట కూడా లేదు. ప్రతి ఇంటి ముందూ చేత్తో రాసిన చెక్క బోర్డు: గుడ్లు, రూట్ బీర్, చౌచౌ పచ్చడి. దాని కిందే "నో సండే సేల్స్" అని. రెండు మూడు బోర్డులు చదివాక నాన్న అడిగారు, "ఏరా, ఆదివారం ఏమీ అమ్మం అని రాశారు కదా, మరి మనకి భోజనం ఎవరు పెడతారు?"

అదే మాట గైడ్‌ని అడిగాను. మైకు చేతిలోనే ఉంది ఆయనకి. "ఆదివారం అమిష్ వాళ్ళు వ్యాపారం చెయ్యరు సార్, ఇది అందరికీ తెలిసిందే" అన్నాడు. మరి టికెట్టు ఎందుకు అమ్మారయ్యా అంటే, మైకు దించకుండా, "మీరు కొన్నారు కాబట్టి!" వ్యానంతా నవ్వింది. అందరికీ తెలిసిన ఆ సంగతి వాళ్ళ వెబ్‌సైట్‌కి ఒక్కదానికే తెలియదు పాపం. "ఏమంటున్నాడ్రా?" అని నాన్న నా మొహంలోకి చూస్తున్నారు. "ముందు ఊళ్ళో పెడతారట" అని అబద్ధం చెప్పాను. 380 డాలర్ల కన్నా అదే ఎక్కువ మండుతోంది నాకు.

ఆ తర్వాత రూట్ 30 మీద ఒక బఫేకి తీసుకెళ్ళి పడేశారు. గ్రీన్ బీన్స్ చూసి అమ్మ సంబరంగా వడ్డించుకుంది, గరిట తిప్పితే అడుగున గులాబీ రంగు హ్యామ్ ముక్కలు. గైడ్‌కి చెబితే "ఏరేసి తినమనండి" అన్నాడు. పై (pie) క్రస్టులో పంది కొవ్వు వేస్తారేమో అని అడిగితే భుజాలెగరేశాడు. చివరికి అమ్మ తిన్నది ఆలూ ముద్ద, యాపిల్ సాస్.

ఇంకోటి. అమిష్ వాళ్ళకి చర్చి భవనం ఉండదు, ఆదివారం విడిచి ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన. అక్కడినుంచి తిరిగి వస్తున్న ఒక బండి పక్కన వ్యాన్ మెల్లగా పోనిచ్చి, "ఫోన్లు తియ్యండి" అన్నాడు గైడ్. ఫొటోలు వాళ్ళ మతానికి పడవని పొద్దున్న చెప్పింది కూడా ఈయనే! ఆ బండి వెనక కూర్చున్న చిన్నపిల్ల టోపీ అంచు లాక్కుని మొహం అటు తిప్పుకుంది. మా వాళ్ళెవరూ తియ్యలేదు.

రీఫండ్ అడిగితే "కార్యక్రమంలో మార్పులు ఉండవచ్చు" అనే షరతు చూపించారు. భోజనం, పాడి పశువులు, షూఫ్లై పై, ఈ మూడూ ఎగిరిపోవడం మార్పట! దిగేటప్పుడు తలుపు దగ్గర టిప్పుల డబ్బా కూడా పట్టుకున్నాడు మహానుభావుడు.

వెళ్ళాలంటే సోమవారం నుంచి శనివారం లోపే వెళ్ళండి, మీ కారులోనే. లాంకాస్టర్ సెంట్రల్ మార్కెట్ మంగళ, శుక్ర, శనివారాల్లో ఉంటుంది. రోడ్డు పక్క స్టాళ్ళకి చిల్లర నోట్లు పెట్టుకోండి. శాకాహారులైతే బీన్స్‌లో ఏం వేశారో, పై (pie) క్రస్టు దేనితో చేశారో అడక్కుండా ముట్టుకోవద్దు.

కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. ఇదే వ్యాన్ ఆదివారానికి ఇంకెవరైనా బుక్ చేసి ఉంటే ఇప్పుడే క్యాన్సిల్ చెయ్యండి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మార్చేస్తారు.