రిబదావియాలో రెండు రాత్రులు: రిబేయిరో వైట్ వైన్, దానికి సరిపడే తిండి

మాడ్రిడ్ నుంచి స్పెయిన్ వాయవ్య మూలనున్న గలీసియా అనగానే అందరూ సాంతియాగోకే టికెట్ తీస్తారు. మేము ఈసారి దానికి ముందే ఔరెన్సెలో దిగిపోయాం. 2021 డిసెంబర్‌లో హైస్పీడ్ లైను పూర్తయ్యాక రెండుంపావు గంటల ప్రయాణమే. రిబేయిరో అంటే రిబదావియా ఊరి చుట్టుపక్కల ద్రాక్షతోటల ప్రాంతం, ఆ వైట్ వైన్‌ని అది పుట్టిన చోటే, అక్కడి తిండితో తాగాలని నాకు చాన్నాళ్ల కోరిక.

మొదటి రాత్రి ఔరెన్సెలో అద్దెకు తీసుకున్న ఫ్లాట్ గురించి ఎక్కువ చెప్పను. తలుపు కోడ్ పంపలేదు, ఫోన్ ఎత్తలేదు, రాత్రి పదకొండింటిదాకా బాబుని ఒళ్లో వేసుకుని మెట్ల మీదే కూర్చున్నాం. పొద్దున్నే ఊరి మధ్యలోని బుర్గాస్ వేడినీటి బుగ్గ చూసేసి (60 డిగ్రీలు దాటిన వేడి, పొగలు కక్కుతుంది) రైలెక్కాం.

మీన్యో నది పక్కనే అరగంట వెళితే రిబదావియా. రైళ్లు రోజుకి కొన్నే, అందుకే తిరుగు టైము ముందే చూసుకోండి. ఉంటే ఇక్కడే ఉండాలి. ద్రాక్షతోట అంచున పాత రాతి ఇల్లు దొరికింది, గదులు చిన్నవే కానీ శుభ్రం, ఇంటావిడ బాబుకి పాలు అడగకుండానే వేడిచేసి ఇచ్చింది. పాత యూదుల వీధులు, సర్మియెంతో కోట శిథిలాలు నడిచి చూడొచ్చు.

వైన్ కోసం మాత్రం పెద్ద కంపెనీల టూర్ వద్దు, "కొల్యెయితెయిరో" దగ్గరికి వెళ్లండి. అంటే సొంత తోట పండుతోనే వైన్ చేసే చిన్న రైతు, ఏడాదికి 60 వేల లీటర్లు దాటకూడదు. ముందు ఫోన్ చేయాలి, కొంచెం స్పానిష్ వస్తే మంచిది. మేము వెళ్లినచోట రైతు మొదట త్రెయిషదూర అనే ద్రాక్ష ఒక్కదానితో చేసింది పోశాడు. ఆపిల్ వాసన, నోటినిండా కమ్మదనం, కానీ చివర్లో పులుపు చాల్లేదు. తర్వాత అసలు బ్లెండ్ పోశాడు, అదే త్రెయిషదూరకి పులుపు కోసం అల్బరీన్యో, సువాసన కోసం లొవ్‌రెయిరా, ఇంకాస్త గొదేయో. పప్పుకి తాలింపు పడ్డట్టు మొత్తం లేచి కూర్చుంది! ఫిలాక్సెరా పురుగు తోటల్ని తినేశాక ఇక్కడ దిగుబడి కోసం పలొమీనో రకం నాటేశారట, నాటు రకాలు మళ్లీ నిలబడటానికి దశాబ్దాలు పట్టింది. ఆ మాట చెబుతూ ఆయన ముసలి తీగ మొదలుని అరచేత్తో నిమిరాడు.

ఇక తిండి. పక్కనున్న కార్బయీన్యోకి సముద్రం లేదు, అయినా ఆక్టోపస్‌కి అదే పేరుమోసిన ఊరు. రాగి డేగిసాలో ఉడికించి, కత్తెరతో ముక్కలు చేసి, చెక్క పళ్లెంలో రాళ్లుప్పు, ఎర్ర మిరపపొడి, ఆలివ్ నూనె వేసి ఇస్తారు. ఆ నూనె జిడ్డుని ఈ వైన్ శుభ్రంగా కడిగేస్తుంది. పాతకాలపు అలవాటుగా తెల్ల పింగాణి గిన్నెలో పోస్తారు, బాగుంటుంది, కానీ వాసన కావాలంటే గ్లాసు అడగండి. శాకాహారులకి పద్రోన్ మిరపకాయలు, నూనెలో వేయించి ఉప్పు చల్లినవి. పదింటిలో తొమ్మిది చప్పగా, ఒకటి మన బజ్జీ మిరపకాయలా మండుతుంది. మెత్తటి తెతీయా జున్ను కూడా బాగా కుదిరింది. ఎండుద్రాక్ష వేసిన బకలావ్ (ఉప్పు పట్టించిన కాడ్ చేప) ఎంపనాదా, అంటే లోపల కూర పెట్టి కాల్చిన రొట్టె, మా ఆవిడకి నచ్చింది, నాకు తీపి ఎక్కువనిపించింది.

ఒక్క సంగతి, మధ్యాహ్నం నాలుగు నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా చాలాచోట్ల వంటిల్లు మూసేస్తారు. పిల్లలుంటే బ్రెడ్డు, అరటిపళ్లు దగ్గర పెట్టుకోండి.

ఇంటికి ఆరు సీసాలు తెచ్చుకున్నాం. కారం తగ్గించి చేసిన రొయ్యల వేపుడుతో అద్భుతం. చేపల పులుసుతో మాత్రం వద్దు, చింతపండు, కారం కలిసి వైన్‌ని చంపేస్తాయి, గొంతులో మంట మిగులుతుంది. రెండు సీసాలు ఇంకా ఉన్నాయి, ఈ ఆదివారం కొబ్బరిపాలు పోసిన చేప కూరతో ఒకటి తీస్తాను.