యార్డు షాపుల వాళ్లూ, ఆ రెడీమేడ్ ఎక్సెల్ పట్టీ ఫైల్ కొనేముందు ఇది చదవండి

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ షాపుల ఓనర్లకీ, లెక్కలు రాసే గుమాస్తాలకీ చెప్తున్నా. పట్టీలు (సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్క చీటీలు), కాటా, హమాలీ, ఖరీదుదారుల బాకీలు అన్నీ ఒకే ఎక్సెల్ ఫైల్లో అంటూ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటి తిరుగుతోంది. విజయవాడ నుంచి ఒకాయన లాప్‌టాప్ పట్టుకొచ్చి డెమో ఇస్తాడు, డెమో అయితే బ్రహ్మాండంగా ఉంటుంది, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, రేటు కొడితే చాలు, కూలీలు కమీషన్ పోను రైతుకి ఎంతో టక్కున వచ్చేస్తుంది. మేం మూడు వేలు పెట్టి కొన్నాం. ఎక్సెల్ ఫైల్ కొనడమే తప్పని నేననను. ఆయన లాప్‌టాప్‌లో చూసి మాత్రం డబ్బులివ్వకండి, అంతే. ఆయన మిషన్ మూసేశాక, మీ షాపు కంప్యూటర్లో నడిపి చూడండి.

మొదట్లో బాగానే నడిచింది. తర్వాత హమాలీ రేటు మారింది, ‘రేట్లు’ షీట్లో కొత్త రేటు కొట్టాం, పట్టీలో మాత్రం పాతదే వస్తోంది. అదే షీట్లో ఇంకో ఖర్చు చేరిస్తే పట్టీలో దాని ఎదురుగా సున్నా. ఖరీదుదారు పేరు ఎంచుకునే చోట బాణం నొక్కితే లిస్టు తెరుచుకోవట్లేదు. ఇంత జరుగుతున్నా ఎర్రర్ మాత్రం ఎక్కడా లేదు, నాకు ఒళ్లు మండింది అక్కడే. ఎర్రర్ కనిపిస్తే ఎవరైనా ఆగి చూస్తారు, సున్నా కనిపిస్తే ఈ ఖర్చు లేదేమో అనుకుని పట్టీ ఇచ్చేస్తారు. ఫిబ్రవరి, మార్చి రద్దీలో, బయట రైతులు నిలబడి ఉంటే, ప్రతి గడీ ఎవరు చూస్తారండీ?

ఫోన్ చేస్తే ఆయన మాట: "మీ వాళ్లెవరో నేమ్స్ డిలీట్ చేసుంటారండీ, మళ్లీ సెట్ చేయాలంటే సర్వీసు చార్జీ పడుతుంది." ఇలాగే ఇంకో ఇద్దరు షాపుల వాళ్లకీ చెప్పాడట, వాళ్లు కట్టారు కూడా.

నేమ్స్ అంటే తెలియనివాళ్ల కోసం: ఎక్సెల్‌లో కొన్ని గడుల గుంపుకి ఒక పేరు పెట్టుకోవచ్చు, ఫార్ములాలో గడుల నంబర్లకి బదులు ఆ పేరు రాస్తే సరిపోతుంది. కంట్రోల్ ఎఫ్3 కొడితే నేమ్ మేనేజర్ తెరుచుకుంటుంది, ఫైల్లో ఉన్న పేర్లు, ఒక్కో పేరు ఏ గడుల్ని చూపిస్తుందో అక్కడ ఉంటుంది. మా ఫైల్లో పట్టీ ఫార్ములాలో రేట్ల పేరు ఉంది, నేమ్ మేనేజర్లో అది లేదు. పేరు నిజంగా పోతే ఫార్ములా గడిలో #నేమ్? అనే ఎర్రర్ రావాలి, ఎర్రర్ని సున్నాగా మార్చే ఫార్ములా ఉంటే అన్ని రేట్లకీ సున్నా రావాలి. ఇక్కడ పాత రేటు వస్తోంది. అంటే పేరు పోలేదు, దాచారు.

అవును, ఎక్సెల్‌లో పేర్లను దాచొచ్చు. మాక్రోతో (ఎక్సెల్‌లో నడిపే చిన్న ప్రోగ్రామ్‌తో) ఆ పేరు విజిబుల్ అనే లక్షణాన్ని ఫాల్స్ చేస్తే నేమ్ మేనేజర్లో కనిపించదు, పని మాత్రం చేస్తూనే ఉంటుంది. బయటపెట్టాలంటే ఆల్ట్ ఎఫ్11 నొక్కి, ఫైల్లో ఉన్న ప్రతి పేరుకీ విజిబుల్‌ని ట్రూ చేసే రెండు మూడు లైన్ల మాక్రో నడిపితే సరి. మాక్రో రానివాళ్లకి ఇంకో దారి ఉంది, ఫైల్‌కి ఒక కాపీ తీసి చివర ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ బదులు జిప్ అని పెట్టి తెరవండి, లోపల ఎక్స్‌ఎల్ ఫోల్డర్లో వర్క్‌బుక్ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో చూస్తే పేర్లన్నీ ఉంటాయి, దాచినవాటి పక్కన హిడెన్ అని రాసి ఉంటుంది. అక్కడే ఎక్స్‌టర్నల్ లింక్స్ అనే ఫోల్డర్ కూడా కనిపిస్తే జాగ్రత్త. మాదాంట్లో ఉంది, అందులో ఆయన లాప్‌టాప్ డి డ్రైవ్ అడ్రస్ ఉంది!

జరిగిందేంటంటే, ఆయన తన అసలు ఫైల్లోంచి షీట్లు కాపీ చేసి కొత్త ఫైల్లో పెట్టి మనకి అమ్మాడు. అలా కాపీ చేసినప్పుడు పేర్లు చాలాసార్లు పాత ఫైల్‌నే చూస్తూ ఉండిపోతాయి. ఆ అసలు ఫైల్ ఆయన దగ్గరుంది కాబట్టి డెమోలో అంతా కళకళ. మన కంప్యూటర్లో అది లేదు, అందుకే ఎక్సెల్ చివరిసారి దాచిపెట్టుకున్న పాత విలువలతోనే లెక్క కడుతుంది. మనం మన రేట్ల షీట్లో ఎంత మార్చినా దానికి పట్టదు. కొత్తగా చేర్చింది దానికి దొరకదు, దొరకనప్పుడు రావాల్సిన ఎర్రర్ని ఇఫ్‌ఎర్రర్ అనే ఫంక్షన్‌తో సున్నాగా మార్చేశాడు. ఆ ఫంక్షన్ చెడ్డదేం కాదు. డబ్బుల ఫార్ములాలో ఎర్రర్ బదులు సున్నా పెట్టడం మాత్రం, నన్నడిగితే, చెడ్డ పనే.

కొనేముందు మీరు చూడాల్సినవి ఇవి. ఫైల్ తెరవగానే పైన పసుపు రంగు బార్‌లో లింకుల గురించి ఏదైనా వస్తే అక్కడే ఆగి అడగండి. డేటా మెనూలో ఎడిట్ లింక్స్, కొత్త వెర్షన్లలో వర్క్‌బుక్ లింక్స్, అందులో వేరే ఫైల్ పేరుంటే వద్దని చెప్పేయండి. రేట్ల షీట్లో ఒక రేటు మార్చి పట్టీ మారిందా లేదా చూడండి, ఈ ఒక్క పరీక్షకి పైసా ఖర్చు లేదు. నేమ్ మేనేజర్లో స్కోప్ అనే వరస కూడా చూడండి, వర్క్‌బుక్ అని కాకుండా ఏదో ఒక షీటు పేరుంటే ఆ పేరు ఆ షీట్లోనే నేరుగా పనిచేస్తుంది, వేరే షీట్లో షీటు పేరు ముందు తగిలించకపోతే #నేమ్? వస్తుంది. పైన ఎడమవైపు చిన్న బాక్సులో కనిపించలేదని మాత్రం పేరు పోయిందనుకోవద్దు, ఆఫ్‌సెట్ లాంటి ఫార్ములాతో కట్టిన పేర్లు ఆ బాక్సు లిస్టులో రావు, నేమ్ మేనేజర్లో ఉంటాయి.

ఫైల్ పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం అయితే ఇంకో తలనొప్పి. ఎక్సెల్ 2003 దాకా నిలువు వరసలు 256, ఐవీ అనే వరసతో అయిపోయేవి. 2007 నుంచి 16,384, ఎక్స్‌ఎఫ్‌డీ దాకా. అందుకని పాత ఫైల్లో జీఎస్‌టీ2017 అని పేరు ఉంటే, కొత్త రకంలో అది ఒక గడి అడ్రస్ అయిపోతుంది. మార్చేటప్పుడు ఎక్సెల్ దాని ముందు అండర్‌స్కోర్ తగిలిస్తుంది, ఫార్ములాల్లో కూడా సర్దుతుంది, కానీ ఇన్‌డైరెక్ట్ ఫంక్షన్ (అక్షరాలుగా రాసిన పేరుని అడ్రస్‌గా చదివేది) లోపల కొటేషన్ గుర్తుల మధ్య రాసినదాన్ని ముట్టుకోదు. అది పోయి ఎక్కడో ఖాళీ గడిని చూసొస్తుంది, మళ్లీ సున్నా. మన యార్డు వాళ్లకి ఇదింకా దగ్గరి సంగతి, మిర్చి రకాల పేర్లు పెట్టుకుందామని ఎస్4 అని కొట్టి చూడండి, ఎక్సెల్ ఒప్పుకోదు, ఎస్ వరసలో నాలుగో గడి కదా అది. సన్నం_ఎస్4 అని పెట్టుకుంటే గొడవ లేదు.

ఫోన్లో చూసుకోవచ్చని గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించేవాళ్లకి ఒక మాట, అక్కడ పేరు గడులకే పెట్టగలం. కమీషన్ శాతాన్ని ఏ గడిలోనూ రాయకుండా నేరుగా పేరుగా పెట్టినవి అక్కడ పనిచేయవు.

డబ్బులు వెనక్కివ్వమని అడిగితే, ఫైల్ వాడేశారు కాబట్టి కుదరదన్నాడు. అడుగుతూనే ఉన్నాం.

ఇప్పటికే కొనేసినవాళ్లు సర్వీసు చార్జీ కట్టకండి. దాచిన పేర్లు బయటపెట్టి, ఒక్కోటీ ఎడిట్ కొట్టి, రెఫర్స్ టు దగ్గర ఆయన ఫైల్ అడ్రస్ తీసేసి మీ రేట్ల షీట్లో గడుల్ని చూపించండి, శని ఆదివారాలు యార్డు సెలవే కాబట్టి అప్పుడు కూర్చుంటే అయిపోతుంది. తొందరపడి బ్రేక్ లింక్స్ మాత్రం నొక్కకండి, నొక్కితే ఆ ఫైల్‌ని చూసే ఫార్ములాలన్నీ పోయి ఆ క్షణానికి ఉన్న అంకెలే గడుల్లో మిగులుతాయి. ఏం చేసినా ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి వేరే డ్రైవ్‌లో పెట్టుకున్నాకే.